ఇంటర్వ్యూకి ముందు ఒక పాత మోడెమ్‌తో కుస్తీ పట్టండి

అమెరికాలో ఏఓఎల్ కంపెనీ తన డయల్-అప్ ఇంటర్నెట్ సర్వీసును 2025 సెప్టెంబర్ 30న ఆపేసింది. ఆ వార్త చదివిన చాలామంది ‘ఇంకా నడుస్తోందా అది?’ అని నవ్వుకుని ఉంటారు. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అదీ ఫోన్ లైన్ మీదే వచ్చింది. ఇప్పుడు బీటెక్ చదువుతున్నవాళ్లు మోడెమ్ చేసే ఆ కీచు శబ్దాన్ని యూట్యూబ్‌లో తప్ప విని ఉండరు.

అలాంటిది, ఉద్యోగాల వేటలో ఉన్న మీతో ‘లైనక్స్ మెషీన్‌లో ఒక ఇంటర్నల్ డయల్-అప్ మోడెమ్ పెట్టి పనిచేయించండి’ అంటే వీడికేమైనా పిచ్చా అనుకుంటారు. అనుకోండి, పర్లేదు. నేను చెప్పేది దాంతో నెట్ చూడమని కాదు. 56కే మోడెమ్ లెక్క ప్రకారం సెకనుకు 7 కిలోబైట్లు మించి తేలేదు. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటోకే టీ తాగి రావొచ్చు. నేను చెప్పేది వేరే విషయం.

ఆదివారాలు జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఒక ప్రశ్న అందరినీ అడుగుతాను: ‘మీ సిస్టంలో నెట్ రావట్లేదు. ఏం చేస్తారు?’ రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాం అంటారు. రాకపోతే? కస్టమర్ కేర్‌కి ఫోన్. కొంచెం హుషారైన వాళ్లు ‘ఐపీకాన్ఫిగ్ కొడతాం’ అంటారు. కొట్టి ఏం చూస్తారు అంటే అక్కడ ఆగిపోతారు. వీళ్లేమీ తెలివి తక్కువ పిల్లలు కాదు. రెజ్యూమెలో డాకర్, కుబర్నెటీస్, క్లౌడ్ సర్టిఫికెట్లు రెండు మూడు ఉంటాయి. వాటిని నిజంగానే కష్టపడి నేర్చుకున్నారు కూడా. ఇబ్బంది ఎక్కడంటే, వాళ్ల చేతికొచ్చిన ప్రతి వస్తువూ ముందే పనిచేస్తూ వచ్చింది. పనిచేయకపోతే మొత్తానికే పనిచేయదు. వైఫై గుర్తు వెలిగిందా లేదా, అంతే. ఆ గుర్తు వెనక ఎన్ని పనులు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయో కంటికి కనిపించే అవకాశమే వాళ్లకి రాలేదు.

యూనిక్స్ తరహా సిస్టం మీద డయల్-అప్ మోడెమ్ పెట్టడంలో ఆ పనులన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో మెట్టునీ మీరే ఎక్కాలి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో సిస్టం మాటల్లోనే చెబుతుంది. కంపెనీలు కొత్తవాళ్లలో వెతికేది కూడా ఈ ఒక్క అలవాటునే అని నా అభిప్రాయం: పాడైంది ఎక్కడో పట్టుకోవడం.

పోర్ట్ దొరికిందా?

ఎక్స్‌టర్నల్ మోడెమ్ అంటే లైట్లు ఉండే డబ్బా. కంప్యూటర్ వెనకున్న సీరియల్ పోర్టుకి తగిలిస్తారు. ఇంటర్నల్ మోడెమ్ అంటే మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే కార్డు. అసలైన ఇంటర్నల్ మోడెమ్ తన సీరియల్ పోర్టుని తనతోనే తెచ్చుకుంటుంది. అంటే ఆ కార్డు పెట్టగానే కంప్యూటర్‌కి ఇంకో సీరియల్ పోర్టు మొలిచినట్టు. విండోస్‌లో కామ్1, కామ్2 అంటారు కదా, లైనక్స్‌లో వాటి పేర్లు టీటీవైఎస్0, టీటీవైఎస్1. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి కామ్3 అంటే టీటీవైఎస్2. ఈ ఒక్క అంకె దగ్గర ఎంతమంది ఎన్ని రాత్రుళ్లు పోగొట్టుకుని ఉంటారో చెప్పలేం.

పాత పీసీల్లో కామ్1, కామ్3 రెండూ ఐఆర్‌క్యూ 4 వాడుకునేవి. కామ్2, కామ్4 రెండూ ఐఆర్‌క్యూ 3. మౌస్ కామ్1 మీద ఉండి, మోడెమ్ కార్డు మీది జంపర్ కామ్3కి పెట్టి ఉంటే ఇద్దరూ ఒకే గంట కొట్టి పిలిచినట్టు. ప్రాసెసర్‌కి ఎవరు పిలిచారో అర్థం కాదు. మౌస్ కదిపితే డౌన్‌లోడ్ తడబడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో ‘ఇంటరప్ట్ అనగానేమి’ అన్న ప్రశ్నకి మనం అందరం రెండు మార్కుల జవాబు రాసినవాళ్లమే. దాన్ని కళ్లతో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఒక చిన్న లెక్క వేయండి. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం సెకనుకు 115200 బిట్లు. ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్, 8 డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి పది. అంటే సెకనుకు 11520 అక్షరాలు. ఒక్కోదానికి మధ్య సుమారు 87 మైక్రోసెకన్లు. పాత 8250 చిప్‌లో ఒక్క బైటుకే చోటు. ఆ 87 మైక్రోసెకన్లలో ప్రాసెసర్ వచ్చి తీసుకోకపోతే తర్వాత వచ్చే అక్షరం దాన్ని తుడిచేస్తుంది. అందుకే 16550ఏ చిప్‌లో 16 బైట్ల ఫైఫో పెట్టారు. బఫర్ ఎందుకు, ఫ్లో కంట్రోల్ ఎందుకు అని ఇంటర్వ్యూలో అడిగితే ఈ లెక్క చెప్పి చూడండి. నిర్వచనం అప్పజెప్పేవాడికీ మీకూ తేడా అక్కడే తెలిసిపోతుంది.

పనిలోకి వస్తే, ముందు ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కొట్టి కార్డు కనిపిస్తోందో లేదో చూస్తారు. తర్వాత ‘డీమెసేజ్’లో కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు ఏ సీరియల్ పోర్టులు దొరికాయని చెప్పిందో చూస్తారు. ‘సెట్‌సీరియల్’ అనే కమాండ్ ఆ పోర్టులో ఏ చిప్ ఉందో చెబుతుంది. అక్కడ 16550ఏ అని వస్తే ముందుకి వెళ్లొచ్చు. ‘అన్‌నోన్’ అని వస్తే ఆగిపోవాలి. ఇది మాటల్లో తేలికే, పాటించడం కష్టం. పోర్టే దొరకని మెషీన్‌లో ఫోన్ నంబర్ మార్చి చూడటం, పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేయడం, చివరికి ఓఎస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించడం మనవాళ్లకి అలవాటు. కింది మెట్టు లేకుండా పై మెట్టు మీద నిలబడాలని చూడటమే ఇది.

పోర్టు దొరికాక ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. చాలామంది వెంటనే ‘సుడో’ తగిలించి ముందుకెళ్లిపోతారు. డెబియన్, ఉబుంటుల్లో ఆ పోర్టు ‘డయలౌట్’ అనే గ్రూపుది. మీ యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. ఆర్డుయినో బోర్డు లైనక్స్‌కి తగిలించినప్పుడు వచ్చే గొడవ కూడా సరిగ్గా ఇదే. ఇక ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకి ఒకే పోర్టుకి రెండు పేర్లు కనిపిస్తాయి: సీయూఏయూ0, టీటీవైయూ0. మొదటిది మనం బయటికి ఫోన్ చేయడానికి, రెండోది బయటినుంచి వచ్చే ఫోన్ ఎత్తడానికి. ఎత్తేవాడు అవతల మోడెమ్ క్యారియర్ సిగ్నల్ వచ్చేదాకా ఆగాలి, చేసేవాడు అలా ఆగితే ఎప్పటికీ డయల్ చేయలేడు. అందుకే రెండు తలుపులు పెట్టారు. యూనిక్స్ పుస్తకాల్లో ఇలాంటి ‘ఎందుకు’లు కావలసినన్ని ఉంటాయి. మన గైడ్లలో మాత్రం ఉండవు.

కార్డు ఉంది, మోడెమ్ లేదు

ఇప్పుడు అసలు కథ. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’లో కార్డు నిక్షేపంలా కనిపిస్తుంది, సీరియల్ పోర్టు మాత్రం ఎక్కడా ఉండదు. దీని పేరు విన్‌మోడెమ్. యూఎస్ రోబోటిక్స్ వాళ్లు పెట్టుకున్న పేరది, తర్వాత ఆ జాతి మొత్తానికీ అదే పేరైంది.

మోడెమ్ రెండు పనులు చేయాలి. ఒకటి, ఫోన్ లైన్‌లో వచ్చే శబ్దాన్ని బిట్లుగా, బిట్లని శబ్దంగా మార్చడం. రెండు, మనం ఇచ్చే ఆదేశాలు అర్థం చేసుకుని, మధ్యలో పాడైన డేటాని సరిదిద్దడం. ఈ రెండింటికీ కార్డు మీద చిప్పులు పెడితే ఖర్చు. 1990ల రెండో సగంలో ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాక, ‘ఆ పని కంప్యూటరే చేస్తుందిలే’ అని కొన్ని కార్డుల్లో రెండో పనిని, ఇంకొన్నిట్లో రెండు పనుల్నీ విండోస్ డ్రైవర్‌లోకి తోసేశారు. కార్డు మీద మిగిలింది ఫోన్ లైన్‌కి తగిలే భాగం, ఇంకాస్త సరంజామా. ధర తగ్గింది. విండోస్ వాడే మనిషికి తేడా తెలియలేదు. లైనక్స్ పెట్టినవాడికి మాత్రం చేతిలో ఉన్నది సగం మోడెమేనని, మిగతా సగం ఒక కంపెనీ దగ్గర మూసిపెట్టిన కోడ్ రూపంలో ఉందని అప్పుడు తెలిసింది.

లూసెంట్, కోనెక్సాంట్, పీసీటెల్, మోటరోలా, స్మార్ట్ లింక్: చిప్పులు వీళ్లవి. డబ్బా మీద పేరు ఇంకెవరిదో. ఒకే బ్రాండు, ఒకే బొమ్మ ఉన్న రెండు డబ్బాల్లో వేర్వేరు చిప్పులు ఉండొచ్చు. కొన్నిటికి కంపెనీలు లైనక్స్ డ్రైవర్లు ఇచ్చాయి, కానీ అందులో ముఖ్యమైన ముక్క మూసిపెట్టి, ఫలానా కెర్నల్‌కే పనిచేసేలా ఇచ్చాయి. కెర్నల్ మారితే మోడెమ్ మళ్లీ మూగబోతుంది. లిన్‌మోడెమ్స్ అని స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు ‘స్కాన్‌మోడెమ్’ అనే స్క్రిప్టు రాశారు. అది కార్డులోని చిప్ ఏదో పట్టుకుని, దానికి దారి ఉందో లేదో చెప్పేది. ఆ డ్రైవర్లు చాలావరకు ఇప్పటి కెర్నళ్లతో నడవవు. అదే, ఒళ్లంతా చిప్పులున్న అసలు మోడెమ్, ఉదాహరణకి యూఎస్ రోబోటిక్స్ 5610 పీసీఐ కార్డు, లైనక్స్ మామూలు సీరియల్ డ్రైవర్‌తోనే పలుకుతుంది. ప్రత్యేకంగా ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

ఈ గొడవలోనే సీ నేర్చుకునేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన ఒక ముచ్చట ఉంది. కోనెక్సాంట్ చిప్పులకి లైనక్స్ డ్రైవర్ అమ్మిన సంస్థ లైనక్సాంట్. ఉచితంగా ఇచ్చే డ్రైవర్‌లో వేగం 14.4కే దాటేది కాదు, పూర్తి వేగం కావాలంటే కొనుక్కోవాలి. అదలా ఉంచండి. లైనక్స్ కెర్నల్‌లోకి ఎక్కే ప్రతి మాడ్యూలూ తన లైసెన్స్ ఏమిటో ఒక స్ట్రింగ్ రూపంలో చెప్పుకోవాలి. జీపీఎల్ కాకపోతే ‘కెర్నల్ టెయింటెడ్’ అని హెచ్చరిక వస్తుంది. 2004లో బయటపడింది ఏమిటంటే, ఈ డ్రైవర్ తన లైసెన్స్ స్ట్రింగ్‌లో ‘జీపీఎల్’ అన్న మాట రాసి, వెంటనే ఒక నల్ క్యారెక్టర్ పెట్టి, ఆ తర్వాత ‘ఫలానా ఫోల్డర్లో ఉన్న ఫైళ్లకి మాత్రమే’ అన్న అర్థం వచ్చే మాటలు రాసింది. సీ భాషలో స్ట్రింగ్ నల్ దగ్గర ముగిసిపోతుంది. కాబట్టి కెర్నల్ చదివింది ‘జీపీఎల్’ అన్నంతవరకే. హెచ్చరిక రాలేదు. అన్ని హెచ్చరికలు చూసి వాడేవాళ్లు కంగారు పడుతున్నారని అలా చేశామని ఆ సంస్థ చెప్పుకుంది. కెర్నల్ రాసేవాళ్లు మండిపడ్డారు. నన్నడిగితే మండిపడటమే న్యాయం. ఇంట్లో ఏముందో ఇంటివాడికి తెలియకుండా తాళం వేసి, పైగా తలుపు మీద ‘తెరిచే ఉంది’ అని రాయడం అది.

‘స్ట్రింగ్ చివర నల్ ఎందుకు?’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఈ సంగతి చెప్పగలిగితే, అవతలి మనిషి కుర్చీలో కాస్త ముందుకి వంగుతాడు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాక వేలిముద్ర రీడర్ పనిచేయకపోతే ‘లైనక్స్ వేస్ట్’ అని తేల్చేయకుండా, ‘ఇందులో చిప్ ఎవరిది? డ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?’ అని అడగడం మొదలుపెడతారు.

‘ఏటీ’ అంటే ‘ఓకే’

అసలు మోడెమ్ దొరికి, పోర్టు కుదిరితే ‘మినీకామ్’ తెరిచి రెండక్షరాలు కొట్టండి: ఏటీ. అటునుంచి ‘ఓకే’ అని వస్తుంది. ఏటీ అంటే అటెన్షన్, ‘ఇదిగో, ఇటు చూడు’ అని. డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనే ఇద్దరు 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌తో ఈ భాష వచ్చింది. దాని వేగం సెకనుకు 300 బిట్లు.

ఈసీఈ వాళ్లకి ఇప్పుడు ఏదో గుర్తొచ్చి ఉండాలి. గ్యాస్ లీకైతే ఎస్ఎంఎస్ పంపే ప్రాజెక్టు, పొలంలో మోటారు ఆన్ చేసే ప్రాజెక్టు, మహిళల భద్రత ప్రాజెక్టు... పేరు ఏదైనా లోపల ఉండేది సిమ్900ఏ లేదా సిమ్800ఎల్ మాడ్యూల్. దానికి పంపేది ఈ ఏటీ కమాండ్లే. 1981 నాటి మోడెమ్ భాషనే సెల్ మాడ్యూళ్లు కొంచెం పెంచుకుని వాడుతున్నాయి. కోడ్ ఎక్కడినుంచో కాపీ కొట్టి, చివర్లో 26 అన్న క్యారెక్టర్ ఎందుకు పంపుతున్నామో తెలియకుండా (అది కంట్రోల్-జెడ్, సందేశం అయిపోయిందని గుర్తు) ప్రాజెక్టు పూర్తిచేసేవాళ్లే ఎక్కువ. వైవాలో అడగాల్సిన ప్రశ్న నా దృష్టిలో ఒక్కటే: ‘ఓకే అన్నది ఎవరు?’ నెట్‌వర్క్ కాదు. సిమ్ కూడా కాదు. మీ ముందున్న మాడ్యూల్ మాత్రమే. అది బతికి ఉందని, వైర్లు సరిగ్గా ఉన్నాయని దానర్థం. టవర్‌కి తగిలిందో లేదో ఇంకో కమాండ్‌తో విడిగా అడగాలి. సిమ్800ఎల్ సిగ్నల్ పంపేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. ఆర్డుయినో పిన్ నుంచి అంత రాదు, మాడ్యూల్ రీసెట్ అవుతుంది. పిల్లలు మాత్రం రాత్రంతా కోడ్‌లో తప్పు వెతుకుతుంటారు.

ఫోన్ లైన్ మోడెమ్ ఇంకా ఓపికగా చెబుతుంది. ‘నో డయల్‌టోన్’ అంటే గోడ దగ్గర వైరు చూసుకో. ‘బిజీ’ అంటే అవతల లైన్ ఖాళీ లేదు. ‘నో క్యారియర్’ అంటే రెండు మోడెమ్‌లకీ మాట కలవలేదు, లేదా కలిసి తెగిపోయింది. ఆఫీసు ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజీల్లో డయల్‌టోన్ మామూలు లైన్‌లా ఉండదు. అందుకని ‘ఏటీఎక్స్3’ అని చెబితే టోన్ కోసం చూడకుండా డయల్ చేసేస్తుంది. చివరికి ‘కనెక్ట్ 115200’ అని వస్తుంది. అబ్బో అంత వేగమా అనుకోకండి. చాలా మోడెమ్‌లలో అది కంప్యూటర్‌కీ కార్డుకీ మధ్య వేగం. ఫోన్ లైన్ మీద వేగం వేరు, అది 33.6కే ఉండొచ్చు, ఇంకా తక్కువా ఉండొచ్చు. తెర మీద కనిపించే అంకె దేన్ని కొలిచింది అని అడగడం డేటా అనలిటిక్స్ వాళ్లకీ పనికొచ్చే అలవాటే.

సెక్యూరిటీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఒక ముక్క. కనెక్షన్‌లో ఉండగా మళ్లీ మోడెమ్‌తో మాట్లాడాలంటే మూడు ప్లస్‌లు ‘+++’ పంపాలి. ముందూ వెనకా ఒక సెకను మౌనం ఉంటేనే దాన్ని ఆదేశంగా తీసుకోవాలని హేస్ పద్ధతి. దానికి అప్పట్లో పేటెంట్ ఉండేది. లైసెన్స్ డబ్బు మిగుల్చుకోవాలని కొన్ని చవక మోడెమ్‌లు ఆ మౌనం సంగతి వదిలేశాయి. ఫలితం? ఎవడో దూరం నుంచి పింగ్ ప్యాకెట్‌లో ‘+++ఏటీహెచ్0’ అని పెట్టి పంపితే, మీ కంప్యూటర్ మర్యాదగా అదే డేటాని తిరిగి పంపుతుంది. ఆ దారిలో దాన్ని చూసిన మీ మోడెమ్, మీరే చెప్పారనుకుని ఫోన్ పెట్టేస్తుంది. డేటానీ ఆదేశాన్నీ ఒకే గొట్టంలో పంపితే వచ్చే తిప్పలు ఇవి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ వేరే వేషంలో ఇదే మనిషి.

పీపీపీ ఇంకా చావలేదు

‘కనెక్ట్’ వచ్చినంత మాత్రాన ఇంటర్నెట్ వచ్చినట్టు కాదు. రెండు మోడెమ్‌ల మధ్య బిట్లు వెళ్తున్నాయి, అంతే. ఇక్కడ నుంచి పీపీపీ పని. డయల్ చేసే తతంగం ‘చాట్’ అనే చిన్న ప్రోగ్రామ్ చూసుకుంటుంది: ఇది వస్తే అది పంపు, అది వస్తే ఇది పంపు, బిజీ అంటే ఆపేయ్. స్టేట్ మెషీన్ అని క్లాసులో గుండ్రాలు గీసింది దీన్నే. తర్వాత పీపీపీడీ అవతలివాడితో బేరం మొదలుపెడుతుంది. డీబగ్ ఆప్షన్ పెట్టి లాగ్ చూడండి. ‘ఇది కావాలి’ అని ఒకరు, ‘సరే’ అనో, ‘ఇంతైతే ఒప్పుకుంటా’ అనో, ‘కుదరదు’ అనో మరొకరు. అచ్చం కూరగాయల బేరమే. లింకు కుదిరాక యూజర్ నేమ్, పాస్‌వర్డ్. పాప్ పద్ధతిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తుంది, చాప్ పద్ధతిలో ప్రశ్నకి హ్యాష్ రూపంలో జవాబు వెళ్తుంది. అది కూడా దాటాక ఐపీ అడ్రస్ వస్తుంది.

అప్పుడు కూడా బ్రౌజర్ తెరుచుకోకపోవచ్చు! కంప్యూటర్‌కి అప్పటికే నెట్‌వర్క్ కార్డు ద్వారా డిఫాల్ట్ రూట్ ఉంటే, పీపీపీడీ దాన్ని మార్చదు. మార్చట్లేదని లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంటుంది. కనెక్షన్ ఉంది, ట్రాఫిక్ మాత్రం వేరే దారిలో పోతోంది. అది సరిచేశాక ఐపీ అడ్రస్‌కి పింగ్ వెళ్తుంది, పేరుతో కొడితే వెళ్లదు. అంటే డీఎన్ఎస్. ‘యూజ్‌పీర్‌డీఎన్ఎస్’ ఆప్షన్ పెట్టారా, ‘రిజాల్వ్.కాన్ఫ్’లో ఏముంది? నేను మాక్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నకి జవాబు మొత్తం ఇక్కడ ఉంది. దీన్ని ఒకసారి చేతులతో చేసినవాళ్లకి కంఠస్థం పట్టే అవసరం రాదు.

ఇదంతా మ్యూజియం సరుకు అనుకుంటే మీ ఇంటి ఫైబర్ రౌటర్ సెట్టింగ్స్ తెరవండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ లాంటి కనెక్షన్లలో పీపీపీఓఈ అని, దాని కింద యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ మొదటి మూడక్షరాలు ఈ పీపీపీవే. యూఎస్‌బీ 4జీ మాడ్యూల్ లైనక్స్‌కి తగిలిస్తే టీటీవైయూఎస్‌బీ0, 1, 2 అని పోర్టులు వస్తాయి. చాలా మాడ్యూళ్లలో వాటిలో ఒకదానికి ఏటీ అంటే ఓకే అంటుంది. ‘ఏటీడీ*99#’ అని డయల్ చేస్తే అదే పీపీపీడీతో నెట్ ఎక్కొచ్చు. బండ్లలో పెట్టే ట్రాకర్లు, కార్డు గీకే యంత్రాలు, ఎక్కడో పొలాల మధ్య ఉన్న గేట్‌వేలు: వీటిలో ఏదైనా మూగబోయినప్పుడు అక్కడికి వెళ్లే ఇంజనీర్ చేసే మొదటి పని సీరియల్ కేబుల్ తగిలించి ఏటీ కొట్టడమే. ఎంబెడెడ్ లైనక్స్, ఐఓటీ, నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి ఇది పాత చదువు కాదు.

‘కానీ అన్నా, రెజ్యూమెని ముందు చూసేది సాఫ్ట్‌వేర్. దానికి మోడెమ్ అన్న మాట పట్టదు కదా’ అని ఒకబ్బాయి అడిగాడు. నిజమే. అందుకే కీవర్డులు మానేయమని నేను చెప్పను. ఆ జల్లెడ దాటడానికి అవి కావాలి. జల్లెడ దాటాక ఎదురుగా కూర్చునేది మనిషి. ఆ మనిషి ముందు మూడో సర్టిఫికెట్ కన్నా ఒక గట్టి అనుభవం ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. ప్రాజెక్టుల కింద మూడు లైన్లు చాలు: ఏది ఏ మెట్టు దగ్గర ఆగింది, ఏ ఆధారంతో పట్టుకున్నారు, ఏం మార్చారు. ‘మోడెమ్ పరిజ్ఞానం కలదు’ అని మాత్రం రాయకండి.

కాలేజీల మీద నా ఫిర్యాదు ఒకటుంది. నెట్‌వర్క్స్ ల్యాబ్ రికార్డులో మొదటి ప్రయోగం చాలా చోట్ల ‘నెట్‌వర్క్ పరికరాల అధ్యయనం’. హబ్బు బొమ్మ, స్విచ్ బొమ్మ, మోడెమ్ బొమ్మ గీసి సంతకం పెట్టించుకోవడం. అదే బిల్డింగ్‌లో స్టోర్ రూమ్ నిండా పాత డెస్క్‌టాప్‌లు దుమ్ము పట్టి ఉంటాయి. వాటిలో ఏ నాలుగింటిలోనో మోడెమ్ కార్డులు ఉండే ఉంటాయి. బొమ్మ గీసే బదులు ఆ కార్డు మీద చిప్ పేరు చదివించండి సార్, ఒక మధ్యాహ్నం ఇస్తే చాలు.

‘డయల్ చేయడానికి ఇప్పుడు ఎవరున్నారు?’ అంటారా. రెండు పాత కంప్యూటర్లు, రెండు మోడెమ్‌లు, ఒక చిన్న అనలాగ్ ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజీ పెట్టె చాలు. లాడ్జీలు, చిన్న ఆఫీసులు తీసేసినవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఒకదాని నుంచి రెండోదాని ఎక్స్‌టెన్షన్ నంబర్‌కి డయల్ చేయండి. రెండోదాని తెర మీద ‘రింగ్’ అని రాగానే ‘ఏటీఏ’ కొడితే ఫోన్ ఎత్తుతుంది. రెండు వైపులా పీపీపీడీ నడిపితే మీ సొంత ఇంటర్నెట్ ప్రొవైడర్ మీరే. బయట ఒక్క రూపాయి బిల్లు రాదు.

కార్డు కోసం సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట పాత సామాన్ల షాపుల్లో అడిగి చూడండి. డబ్బా మీద పేరు, ‘56కే వీ.90’ అన్న అక్షరాలు చూసి తీసుకోకండి. విన్‌మోడెమ్ మీదా అవే ఉంటాయి. కార్డు తిప్పి పెద్ద చిప్ మీద ఏముందో ఫోన్‌తో ఫొటో తీసి, అక్కడే నిలబడి వెతకండి. డబ్బా మీద సిస్టం అవసరాల కింద విండోస్, పెంటియం ప్రాసెసర్ తప్పనిసరి అని ఉంటే అనుమానించండి. జంపర్లు ఉన్న పాత ఐఎస్ఏ కార్డులు మాత్రం చాలావరకు అసలు మోడెమ్‌లే. వాటికి తగ్గ స్లాట్ ఉన్న మదర్‌బోర్డు దొరకడమే కష్టం. ఇంకోటి, కార్డు గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు ఫోన్ వైరు ముందు పీకేయండి. రింగ్ వచ్చిన క్షణంలో ఆ లైన్‌లో చేతికి జిల్లుమనేంత వోల్టేజీ ఉంటుంది.